వంటింటి భాష, రాజుల భాష: ఆఫ్రికాన్స్, జులూ బైబిళ్ల చరిత్ర

ఉపోద్ఘాతం

జులూ భాషలో సంపూర్ణ బైబిలు 1883లో వెలువడింది. ఆఫ్రికాన్స్ భాషలో సంపూర్ణ బైబిలు 1933లో వెలువడింది. రెండూ దక్షిణాఫ్రికా భాషలే. రెండింటి మధ్య 50 ఏళ్ల ఎడం ఉంది. ఇందులో ఒక వింత ఉంది. జులూ, యుద్ధంలో ఓడిపోయి రాజ్యం పోగొట్టుకున్న నల్లజాతి ప్రజల భాష. ఆఫ్రికాన్స్, ఆ తర్వాతి కాలంలో దేశాన్ని ఏలిన తెల్లవారి భాషగా లోకానికి తెలిసినది. అలాంటప్పుడు ఏలినవారి భాషకు బైబిలు ముందు రావాలి కదా? ఓడినవారి భాషకు 50 ఏళ్లు ముందుగా ఎలా వచ్చింది?

ఈ ప్రశ్నకు జవాబు వెదకడమే ఈ వ్యాసం ఉద్దేశం. నాకు ఈ రెండు భాషల్లో పాండిత్యం లేదు. సంఘ చరిత్రను ఆసక్తితో చదివే ఒక పాస్టరుగా, నేను గ్రహించిన సంగతులను తోటి సేవకుల ముందు, వేదాంత విద్యార్థుల ముందు పెడుతున్నాను. ముందుగా రెండు భాషల స్వభావాన్ని, తర్వాత ఒక్కొక్క భాషలోకి బైబిలు వచ్చిన తీరును, ఆ పిమ్మట సంఘం ఆ భాషలతో ఏమి చేసిందన్నదాన్ని చూద్దాం.

1. రెండు భాషల స్వభావం

ఆఫ్రికాన్స్ 17వ శతాబ్దపు డచ్చి భాష నుండి పుట్టినది. ఇంగ్లీషు, జర్మన్, డచ్చి భాషలకు బంధువు. జులూ బంతూ భాషా కుటుంబంలో ఙ్గునీ శాఖకు చెందినది. షోసా, స్వాజీ, ఎన్దెబెలే భాషలు దానికి అక్కచెల్లెళ్లు. పుట్టుకలో ఈ రెంటికీ ఏ చుట్టరికమూ లేదు. తెలుగుకు, సంస్కృతానికి ఉన్నట్టుగా ఇచ్చిపుచ్చుకోవడాలు మాత్రమే ఉన్నాయి.

ఆఫ్రికాన్స్ వ్యాకరణం చాలా తేలిక. నేను, నీవు, ఆయన, మేము అని కర్త మారినా క్రియ మారదు. నామవాచకాలకు లింగభేదం లేదు. చాలా వాక్యాల్లో కాదనే మాట రెండుసార్లు వస్తుంది, వాక్యం మధ్యలో ఒకసారి, చివర మరొకసారి. పలు జాతులవారు కలిసి పనిచేసే చోట, ఒకరి భాష ఒకరు నేర్చుకొనే క్రమంలో డచ్చి భాష తన చిక్కుముడులను చాలావరకు విడిచిపెట్టి ఈ రూపానికి వచ్చింది.

జులూ తీరు వేరు. అందులో నామవాచకాలు పదికి పైగా తరగతులుగా విడిపోయి ఉంటాయి. ఏ తరగతో పదం మొదట్లో ఉండే ఉపసర్గ చెబుతుంది. 'ఉముంతు' అంటే మనిషి, 'అబంతు' అంటే మనుషులు. తెలుగులో మనం పదం చివర ప్రత్యయాలు చేరుస్తాం. జులూలో ఏకవచనమా బహువచనమా అన్నది, చేసేది ఎవరన్నది ముందే తెలుస్తుంది. 'ఉమ్‌న్త్వానా ఉయాద్లాలా' అంటే పిల్లవాడు ఆడుకుంటున్నాడు. 'అబంత్వానా బయాద్లాలా' అంటే పిల్లలు ఆడుకుంటున్నారు. మన 'డు', 'రు' చేసే పనిని అక్కడ క్రియ ముందు చేరిన 'ఉ', 'బ' చేస్తాయి. ఈ పొందిక మన తెలుగువారికి ఆశ్చర్యం కలిగించకపోవచ్చు గానీ, ఇంగ్లీషు మిషనరీలకు మాత్రం కొరుకుడుపడలేదు.

జులూలో మరొక విశేషం చప్పరింపు ధ్వనులు. జాలిపడినప్పుడు మనం నాలుకను పళ్లకు ఆనించి చప్పరిస్తాం. ఎడ్లను అదిలించేటప్పుడు బండివాడు దవడ పక్కన ఒక శబ్దం చేస్తాడు. మనకు అవి శబ్దాలే. జులూలో అవి అక్షరాలు, మాటల్లో భాగాలు. ఈ ధ్వనులు జులూకు ఖోయి, సాన్ జాతుల భాషల నుండి వచ్చాయని పండితులు చెబుతారు. అంటే జులూ కూడా కల్తీలేని భాష కాదు. పొరుగువారి నాలుక దానిలో కలిసి ఉంది.

తర్వాతి కాలంలో ఈ రెండు భాషలు ఒకదానినుండి ఒకటి మాటలు తీసుకున్నాయి. డచ్చిలో, ఆఫ్రికాన్స్‌లో బల్లను 'టాఫెల్' అంటారు. జులూవారికి అది 'ఇతాఫులా' అయింది. కుర్చీని 'స్టూల్' అంటారు. అది 'ఇసితులో' అయింది. ఆదివారాన్ని చెప్పే 'సోన్డాగ్' జులూలో 'ఇసోంటో' అయింది. ఈ మాటకు ఆదివారం అనీ, వారం అనీ, గుడి అనీ కూడా అర్థాలు వచ్చాయి. జులూ విశ్వాసి ఆరాధనకు వెళ్తున్నానని చెప్పేటప్పుడు తనకు తెలియకుండానే ఒక డచ్చి మాట పలుకుతున్నాడు. మాటలకు సరిహద్దులు లేవని ఇక్కడ గుర్తుంచుకుందాం. తర్వాత ఈ సంగతి అవసరమవుతుంది.

2. బానిసల నోట పెరిగిన ఆఫ్రికాన్స్

1652 ఏప్రిల్ 6న డచ్చి ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి యాన్ ఫాన్ రీబేక్ ఆఫ్రికా దక్షిణపు కొనలో దిగాడు. ఓడలకు కూరగాయలు, మాంసం, మంచినీళ్లు అందించే మజిలీ ఏర్పాటు చేయడం అతని పని. అక్కడి ఖోయి ప్రజలు పశువుల కాపరులు. వారు కంపెనీ చెప్పినట్టు పనిచేయడానికి ఒప్పుకోలేదు. కంపెనీ బానిసలను తెప్పించింది. 1808లో బ్రిటిష్‌వారు బానిసల వ్యాపారాన్ని ఆపేవరకు 60 వేల మందికి పైగా బానిసలను అక్కడికి తీసుకొచ్చారని చరిత్రకారుల అంచనా. మడగాస్కర్ నుండి, మొజాంబిక్ నుండి, ఇండొనేషియా ద్వీపాల నుండి, ఇండియా నుండి వారిని తెచ్చారు.

ఇక్కడ మన తీరానికి ఒక సంబంధం ఉంది. మచిలీపట్నం, పులికాట్ రేవుల్లో డచ్చి కంపెనీకి వర్తక స్థావరాలు ఉండేవి. కోరమాండల్ తీరం నుండి ఓడలెక్కించిన బానిసల్లో కొందరు కేప్‌కు చేరారు. అక్కడి రికార్డుల్లో వారి సొంత పేర్లు చాలావరకు పోయాయి. యజమాని పెట్టిన పేరు పక్కన 'ఫాన్ డె కుస్ట్', అంటే 'తీరం నుండి వచ్చినవాడు', అని మాత్రం మిగిలింది.

ఈ బానిసలు, ఖోయి పనివారు, డచ్చి యజమానుల పిల్లలు వంటింటిలో, పొలంలో, పశువుల కొట్టంలో మాట్లాడుకున్న డచ్చి క్రమంగా వేరే భాషగా మారింది. అరటిపండును ఆఫ్రికాన్స్‌లో 'పిసాంగ్' అంటారు. అది మలయ్ మాట. 'చాలా' అనే అర్థంలో రోజుకు నూరుసార్లు వాడే 'బాయె' కూడా మలయ్ నుండి వచ్చిందే. పురుగును చెప్పే 'ఖొఖా' ఖోయి మాట. చదువుకున్న తెల్లవారు ఈ భాషను 'వంటింటి భాష' అని వెక్కిరించారు. వారు గుడిలో డచ్చిలోనే ప్రార్థించారు, 1637 నాటి డచ్చి బైబిలునే చదివారు. ఇంట్లో మాట్లాడేది ఒకటి, దేవునితో మాట్లాడేది మరొకటి.

ఆఫ్రికాన్స్‌ను రాతలో పెట్టిన తొలివారిలో ముస్లిములు ఉన్నారు. కేప్‌లోని బానిసల సంతతి పిల్లలు మదరసాల్లో ఆ భాషలోనే మతబోధ నేర్చుకున్నారు. దాన్ని అరబ్బీ లిపిలో రాసుకున్నారు. టర్కీ సుల్తాను పంపగా అక్కడికి వచ్చిన అబూబకర్ ఎఫెన్దీ అనే పండితుడు అరబ్బీ లిపిలో ఆఫ్రికాన్స్‌లో రాసిన ధర్మగ్రంథం 1877లో ఇస్తాంబుల్‌లో అచ్చయింది. క్రైస్తవ గుడిలో చోటు దొరకని భాషకు మసీదులో చోటు దొరికింది. సంఘ చరిత్ర చదివే మనం దీన్ని నిజాయితీగా ఒప్పుకోవాలి.

ఆఫ్రికాన్స్‌లో బైబిలు కావాలన్న మాట మొదట ఎవరి కోసం వచ్చిందో చూడండి. పార్ల్ పట్టణంలో ఆర్నొల్దుస్ పన్నెవిస్ అనే ఉపాధ్యాయుడు ఉండేవాడు, హాలండ్‌లో పుట్టినవాడు. కేప్‌లోని కలర్డ్ ప్రజలకు, అంటే బానిసల, ఖోయి ప్రజల సంతతివారికి, డచ్చి బైబిలు అర్థం కావడం లేదని అతడు గమనించాడు. వారి కోసం ఆఫ్రికాన్స్‌లో బైబిలు తేవాలని 1872లో పత్రికలో రాశాడు. 1874లో బ్రిటిష్ అండ్ ఫారిన్ బైబిల్ సొసైటీకి విన్నవించాడు. సొసైటీ నిరాకరించింది. ఇలాంటి యాసలను అచ్చువేసి నిలబెట్టే ఉద్దేశం తమకు లేదన్నది ఆ జవాబు సారాంశం. లోకంలో ఎన్నో చిన్న భాషల్లోకి వాక్యాన్ని తెచ్చిన సొసైటీయే ఈ భాషను మాత్రం భాషగా చూడలేకపోయింది.

1875 ఆగస్టు 14న పార్ల్‌లో కొందరు కలిసి 'నిజమైన ఆఫ్రికానర్ల సంఘం' స్థాపించారు. దాని ముఖ్యుడు ఎస్.జె. దు టాయిట్, పాస్టరు. 1876లో వారు ఆఫ్రికాన్స్‌లో పత్రిక ప్రారంభించారు. 1877లో ఆ భాషలో దేశ చరిత్ర అచ్చువేశారు. 1893లో దు టాయిట్ ఆదికాండమును అనువదించి ప్రచురించాడు. వీరి పట్టుదల మెచ్చుకోదగినదే. అయితే వీరి చేతుల్లో ఒక మార్పు జరిగింది. బానిసల వారసుల కోసమని మొదలైన పని 'మా జాతి భాష' కోసమని మారింది. ఆ భాషను పెంచిన నల్లని, గోధుమరంగు చేతులు కథలోనుండి తప్పుకున్నాయి. 1925లో ఆఫ్రికాన్స్ అధికార భాషగా గుర్తింపు పొందింది. 1933లో సంపూర్ణ బైబిలు వచ్చింది. దాని అనువాదకుల్లో ముఖ్యుడు యె.డి. దు టాయిట్, 'టోటియుస్' అనే కలం పేరుతో ప్రసిద్ధుడైన కవి, ఎస్.జె. దు టాయిట్ కుమారుడు. తండ్రి మొదలుపెట్టిన పనిని కుమారుడు ముగించాడు.

మొదట వేసుకున్న ప్రశ్నకు జవాబు ఇదే. ఆఫ్రికాన్స్ బైబిలు ఆలస్యం కావడానికి కారణం పేదరికం కాదు, చదువు లేకపోవడమూ కాదు. ఆ భాష మాట్లాడేవారే దాన్ని చూసి సిగ్గుపడ్డారు.

3. రాజుల భాష జులూ

జులూవారికి తమ భాష గురించి ఇలాంటి సిగ్గు లేదు. 1816 నుండి 1828 వరకు ఏలిన షాకా కాలంలో జులూ రాజ్యం బలపడింది. రాజుల ఎదుట వారి స్తుతులను గానం చేసే సంప్రదాయం ఉండేది. అయితే లిపి లేదు. 1835లో అమెరికన్ బోర్డు మిషనరీలు నాటాల్ తీరం చేరారు. వారు భాష నేర్చుకొని, రోమన్ అక్షరాలు అమర్చి, చప్పరింపు ధ్వనులకు సి, క్యూ, ఎక్స్ అక్షరాలు కేటాయించి, బడులు పెట్టి, కొద్దికొద్దిగా వాక్యాన్ని అనువదించారు. 1865లో కొత్త నిబంధన, 1883లో సంపూర్ణ బైబిలు వచ్చాయి. తెల్ల మిషనరీకి జులూ తప్ప మరో దారి లేదు. డచ్చిలో గాని, ఇంగ్లీషులో గాని బోధిస్తే వినేవారు లేరు. అందుకే ఓడినవారి భాషకు బైబిలు ముందు వచ్చింది.

ఆ మధ్యలో 1879 ఉంది. ఆ జనవరి 22న ఇసాండ్ల్వానా వద్ద జులూ సైన్యం బ్రిటిష్ దళాన్ని ఓడించింది. జూలైలో రాజధాని ఉలుండీ కాలిపోయింది, రాజ్యం కూలింది. రాజ్యం పోయిన నాలుగేళ్లకు వారి చేతికి బైబిలు వచ్చింది. బైబిలు ఇచ్చినవారూ తెల్లవారే, తుపాకులతో వచ్చినవారూ తెల్లవారే. జులూ క్రైస్తవులు ఈ రెంటినీ వేరుచేసి చూడవలసి వచ్చింది. అది తేలిక కాదు.

జులూ అనువాదంలో ఒక పెద్ద ప్రశ్న దేవుని పేరు. 'ఉన్కులున్కులు' అనే మాట జులూ పెద్దల సంప్రదాయంలో ఉంది. అందరికన్నా మొదటివాడు, అతి పెద్దవాడు అని దానికి అర్థం చెప్పవచ్చు. అది సృష్టికర్తను సూచిస్తుందా, లేక తొలి పూర్వికుణ్ణా అని మిషనరీలు వాదించుకున్నారు. నాటాల్ బిషప్పు జాన్ విలియం కొలెన్సో ఆ మాటను వాడవచ్చన్నాడు. హెన్రీ కాలవే పెద్దలను అడిగి, వారి మాటలను జులూలోనే రాయించుకొని, పక్కన ఇంగ్లీషు పెట్టి 1868 నుండి అచ్చువేశాడు. అతనికి ఆ మాటపై సందేహాలు కలిగాయి. చివరికి ఆ మాటే నిలిచింది. నేడు జులూ విశ్వాసి ప్రార్థనలో పలికేది దానినే. మన 'దేవుడు' అనే మాట కూడా మిషనరీలు పుట్టించినది కాదు. పొరుగువారు వాడుకలో ఉంచిన మాటనే మన పెద్దలు తీసుకున్నారు. సంఘం దానిలో కొత్త అర్థం నింపింది.

కొలెన్సో పక్కన విలియం ఙ్గిదీ అనే జులూ సహాయకుడు ఉండేవాడు. ఇద్దరూ కూర్చొని జలప్రళయ వృత్తాంతాన్ని అనువదిస్తుండగా, ఇదంతా నిజంగా జరిగిందా, వేడి దేశాల జంతువులు, చలి దేశాల జంతువులు అన్నీ జంటలుగా వచ్చాయా అని ఙ్గిదీ అడిగాడు. కొలెన్సో ఆ ప్రశ్నను దాటవేయలేకపోయాడు. 1862 నుండి పంచకాండములపై విమర్శనాత్మక గ్రంథాలు రాశాడు. 1863లో కేప్‌టౌన్ బిషప్పు గ్రే అతణ్ణి దుర్బోధ నేరంపై పదవి నుండి తొలగించాడు. 1865లో లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ ఆ తీర్పు చెల్లదన్నది.

కొలెన్సో తేల్చిన సంగతులన్నిటితో నేను ఏకీభవించను. అయినా రెండు విషయాల్లో అతడు మనకు గురువు. జులూవాని ప్రశ్నను అతడు అజ్ఞానమని తోసిపుచ్చలేదు. అలాగే 1879లో తన జాతివారే జులూ దేశంపై యుద్ధానికి వెళ్లినప్పుడు, మీకా 6:8 ఆధారంగా ప్రసంగించి, ఆ యుద్ధం అన్యాయమని పీటర్‌మారిట్స్‌బర్గ్‌లో బహిరంగంగా చెప్పాడు. జులూవారు అతణ్ణి 'సోబంతు', అంటే ప్రజల తండ్రి, అని పిలిచారు.

లోకమంతటికీ కొలెన్సో పేరు తెలుసు. ఙ్గిదీ పేరు ఎందరికి తెలుసు? తెలుగులో తొలి సువార్తల అనువాదానికి విశాఖపట్నంలో క్రాన్, దే గ్రాంజ్ గార్ల పక్కన కూర్చున్న ఆనందరాయర్ పేరు మన విద్యార్థుల్లో ఎందరికి తెలుసు? జులూలో ఈ తప్పు కొంత దిద్దుబాటయింది. 1948లో వెలువడిన ప్రసిద్ధ జులూ-ఇంగ్లీషు నిఘంటువుపై సి.ఎం. డోక్ పేరుతోపాటు జులూ కవి, పండితుడు బి.డబ్ల్యు. విలకాజీ పేరు కూడా ఉంది. అప్పటికి విలకాజీ ఏడాది క్రితమే మరణించాడు.

4. బాబెలును తప్పుగా చదివిన కాలం

ఆ 1948లోనే నేషనల్ పార్టీ అధికారానికి వచ్చింది. ప్రధానమంత్రి డి.ఎఫ్. మలాన్ ఒకప్పుడు డచ్చి రిఫార్మ్డ్ సంఘ పాస్టరు. వర్ణవివక్ష చట్టాలు ఒకటి వెంట ఒకటి వచ్చాయి. వాటికి వేదాంత పునాది అంతకుముందే సిద్ధమైంది.

1944లో బ్లూమ్‌ఫాంటేన్‌లో జరిగిన మహాసభలో టోటియుస్ ప్రసంగించాడు. 1933 బైబిలు అనువాదకుడే ఈయన. దేవుడు సృష్టిలో వెలుగును చీకటిని వేరుపరచాడు గనుక వేరుపరచడం దైవ పద్ధతి అన్నాడు. బాబెలు వద్ద దేవుడు వేరుచేసిన జాతులను మనిషి కలపకూడదన్నాడు. ఒక భాషకు బైబిలు ఇచ్చిన చేతులే ఆ బైబిలుతో గోడ కట్టాయి. ఆయనకు లేఖనం తెలియక కాదు. ప్రతి మాటకు హెబ్రీ మూలం చూసి అనువదించినవాడు. లేఖనం తెలిసినవాడు కూడా తాను కోరుకున్న జవాబును దానిలో చదవగలడని మనం భయంతో నేర్చుకోవాలి.

ఆ వేదాంతులు అపొస్తలుల కార్యములు 17:26ను కూడా వాడారు. ఆ వచనంలో జనముల నివాసస్థలపు పొలిమేరలను దేవుడు నిర్ణయించాడన్న రెండవ భాగాన్ని నొక్కి చెప్పారు. ఒకని నుండే సమస్త జనములు కలిగాయన్న మొదటి భాగాన్ని మెల్లగా దాటేశారు. 1974లో డచ్చి రిఫార్మ్డ్ సంఘం ఆమోదించిన నివేదికలో కూడా బాబెలు వృత్తాంతానికి ఇలాంటి పెద్ద స్థానమే దొరికింది.

ఇప్పుడు ఈ బోధ రెండు భాషలకు ఏమి చేసిందో చూద్దాం. 1953 నాటి బంతూ విద్యా చట్టం నల్లపిల్లల ప్రాథమిక చదువును వారి తల్లిభాషలో పెట్టింది. తల్లిభాషలో చదువు మంచిదే కదా అని మనకు అనిపిస్తుంది. కానీ అక్కడి ఉద్దేశం వేరు. జులూ పిల్లవాడు జులూ లోకం దాటి రాకూడదన్నదే ఆ ఏర్పాటు. మనుషులు అని మాత్రమే అర్థమున్న 'అబంతు' అనే మాట నుండి తీసిన 'బంతూ' ప్రభుత్వ కాగితాల మీద తక్కువవాడు అనే ముద్ర అయింది. రాజుల భాష గోడ అయింది.

ఆఫ్రికాన్స్ కొరడా అయింది. నల్లపిల్లల ఉన్నత తరగతుల్లో సగం పాఠాలు ఆఫ్రికాన్స్‌లో చెప్పాలని 1974లో ఉత్తర్వు వచ్చింది. చాలామంది ఉపాధ్యాయులకే ఆ భాష సరిగా రాదు. 1976 జూన్ 16న సోవెటోలో వేలాది విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయినవారిలో 12 ఏళ్ల హెక్టర్ పీటర్సన్ ఉన్నాడు. న్యాయాధిపతులు 12వ అధ్యాయంలో యొర్దాను రేవుల వద్ద ఒక్క మాట సరిగా పలకలేనందుకు ఎఫ్రాయిమీయులను చంపారు. సోవెటోలో పిల్లలు ఒక భాషలో చదవమన్నందుకు వద్దన్నారు. రెండు చోట్లా నాలుకను బట్టి ప్రాణం పోయింది.

వందేళ్ల క్రితం యాస అని అవమానపడిన భాష, అధికారం చేతికి రాగానే ఇతరులను అవమానించే పనిముట్టయింది. ఇది ఆఫ్రికాన్స్ వ్యాకరణంలో ఉన్న దోషం కాదు. దానిని పట్టుకున్న చేతిలో ఉన్న దోషం.

5. బేలార్: భాష తిరిగి వచ్చింది

ఆ చీకటిలోనే ఆఫ్రికాన్స్ మరో విధంగా కూడా పలికింది. ఆ భాష కోసం పోరాడిన కుటుంబంలో పుట్టిన పాస్టరు బేయర్స్ నౌడె 1963లో అపొస్తలుల కార్యములు 5:29 ఆధారంగా ప్రసంగించి, వర్ణవివక్షను వ్యతిరేకించే క్రైస్తవ సంస్థ కోసం తన సంఘ కాపరత్వాన్ని వదులుకున్నాడు. ఆయన ప్రసంగ భాష ఆఫ్రికాన్సే.

దానికన్నా గొప్ప సంగతి 1982లో జరిగింది. దీని వెనుక పాత కథ ఒకటి ఉంది. 1857లో డచ్చి రిఫార్మ్డ్ సినడు, కొందరి బలహీనత నిమిత్తం అంటూ, తెల్లవారు, ఇతరులు వేర్వేరుగా ఆరాధించుకోవచ్చని తీర్మానించింది. ఆ బలహీనత కొన్నాళ్లకు నియమమైంది. 1881లో కలర్డ్ ప్రజలకు వేరే మిషన్ సంఘం ఏర్పడింది. సరిగ్గా 101 ఏళ్ల తర్వాత ఆ మిషన్ సంఘపు సినడు కేప్‌టౌన్ దగ్గర బేలార్‌లో సమావేశమై ఒక విశ్వాస ప్రమాణపు ముసాయిదాను ఆమోదించింది. 1986లో అది సంఘ ప్రమాణమైంది. సంఘ ఐక్యత, సమాధానం, న్యాయం అన్నవి దాని ముఖ్యాంశాలు. మనుషులను పుట్టుకను బట్టి వేరుచేసే బోధ సువార్తకు విరుద్ధమని అది ప్రకటించింది.

దానిని రాసిన భాష ఆఫ్రికాన్స్. ఎవరికి బైబిలు అర్థం కావడం లేదని పన్నెవిస్ 1872లో బాధపడ్డాడో, ఆ ప్రజల సంఘమే ఆ భాషలో లోకసంఘానికి ఒక విశ్వాస ప్రమాణాన్ని ఇచ్చింది. ఆ భాషను వంటింట్లో పెంచినవారి వారసులే దాన్ని ఆరాధనాలయంలో విడుదల చేశారు.

1996 రాజ్యాంగం 11 భాషలను సమానంగా గుర్తించింది. 2023లో సంజ్ఞల భాష 12వది అయింది. 2022 జనాభా లెక్కల ప్రకారం ఇంట్లో జులూ మాట్లాడేవారు 24.4 శాతం, ఆఫ్రికాన్స్ మాట్లాడేవారు 10.6 శాతం. వీరిలో తెల్లవారికన్నా తెల్లవారు కానివారే ఎక్కువ. 2014 నుండి క్వాజులు-నాటాల్ విశ్వవిద్యాలయంలో విద్యార్థులు కొంత జులూ నేర్చుకోవడం తప్పనిసరి అయింది. అయినా పెద్ద ఉద్యోగం, పెద్ద చదువు అనగానే ఇంగ్లీషు ముందు నిలబడుతుంది. ఈ విషయంలో ఆ దేశానికి, మనకు తేడా లేదు.

6. ఆ నేల మీద తెలుగు

1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ చెన్నపట్టణం నుండి డర్బన్ చేరింది. చెరకు తోటల్లో ఒప్పందం మీద పనిచేయడానికి వచ్చిన తొలి భారతీయులు అందులో ఉన్నారు. 1911 వరకు సుమారు లక్షా 52 వేల మంది అలా వెళ్లారు. వారిలో తెలుగువారు ఉన్నారు, ఆ తెలుగువారిలో క్రైస్తవులు ఉన్నారు. వారి కోసం తెలుగు బాప్టిస్టు హోం మిషనరీ సొసైటీ 1903లో నెల్లూరు నుండి రెవ. జాన్ రంగయ్య గారిని పంపింది. కియర్స్‌నీ తేయాకు తోట దగ్గర తొలి తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడింది. మనం మిషనరీలను పుచ్చుకొన్నవారమే కాదు, పంపినవారం కూడా.

తోటల్లో జులూవారితో మాట్లాడడానికి మనవారికి ఫనగలో అనే కలగలుపు భాష ఉపయోగపడింది. మాటలు చాలావరకు జులూవి, కొన్ని ఇంగ్లీషువి, కొన్ని ఆఫ్రికాన్స్‌వి. పనిచేయించుకోవడానికి అది చాలింది. స్నేహానికి చాలలేదు. తరాలు మారగా ఆ తెలుగువారి మనవలు, మునిమనవలు ఇంగ్లీషుకు మారారు. దక్షిణాఫ్రికా రాజ్యాంగం గౌరవించి ప్రోత్సహించవలసిన భాషల జాబితాలో తెలుగు పేరు నేటికీ ఉంది. పేరు చట్టంలో ఉంటే చాలదు, నాలుక మీద కూడా ఉండాలి.

ముగింపు

ఈ చరిత్ర చదివినప్పుడు నాకు ఒక సంఘటన గుర్తుకొస్తుంది. చాలా ఏళ్ల క్రితం నా సంఘంలో ఒక తండా నుండి వచ్చే అక్క ఉండేది. ఒక ఆదివారం ఆమె సాక్ష్యం చెప్పడానికి లేచి తన లంబాడీ భాషలో మొదలుపెట్టింది. అందరికీ అర్థం కావాలి కదమ్మా, తెలుగులో చెప్పు అన్నాను. ఆమె రెండు మాటలు తెలుగులో వెదుక్కొని, ప్రభువుకు వందనాలు అని కూర్చుంది. ఏమి చెప్పాలని లేచిందో నేను ఇప్పటికీ ఎరుగను. పక్కన ఆమె కుమారుడు ఉన్నాడు, తెలుగు బాగా వచ్చినవాడు. తర్జుమా చేయమని అతణ్ణి అడగాలని నాకు తోచలేదు.

ఇంగ్లీషు ముందు తెలుగుకు న్యాయం జరగడం లేదని మనం బాధపడతాం. ఆ బాధ న్యాయమైనదే. అయితే కోయ, గోండి, లంబాడీ, సవర మాట్లాడే విశ్వాసుల ముందు మన తెలుగు ఏ స్థానంలో ఉంది? వారికి మనం ఆనాటి బైబిల్ సొసైటీ చెప్పిన జవాబే చెబుతున్నామా?

బాబెలు వద్ద భాషలు తారుమారయ్యాయి. పెంతెకొస్తు దినాన దేవుడు వాటన్నిటినీ రద్దుచేసి ఒకే భాష పెట్టలేదు. ప్రతివాడూ తన సొంత భాషలో దేవుని గొప్పకార్యాలను విన్నాడు. బాబెలును గోడగా చదివినవారు పెంతెకొస్తు వరకు చదవలేదు. బేలార్‌లో కూడినవారు చదివారు.

తోటి సేవకులకు నా మనవి ఇది. వచ్చే ఆదివారం మీ సంఘంలో తెలుగు కాక వేరే భాష ఇంట్లో మాట్లాడేవారు ఎవరున్నారో కనుక్కోండి. వారిలో ఒకరిని తమ భాషలో ప్రార్థన చేయమని అడగండి. తర్జుమా చేసేవారిని పక్కన నిలబెట్టండి. కాస్త సమయం ఎక్కువ పడుతుంది. ఆ సమయం నేను ఆ రోజు ఇవ్వలేదు.